గింజల డబ్బా, ఉడతల దండు

పెరటి పక్షులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే గోడు. పిచ్చుకల కోసం పెట్టిన గింజలు ఉడతల పాలవుతున్నాయట. ఒడిశా వైపు పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచీ, మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్, కిన్వట్ నుంచీ వచ్చినవాటిలో ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం. "రాముడు వీపు నిమిరిన జీవి, కొట్టబుద్ధి కాదు. అలాగని చూస్తూ ఊరుకోబుద్ధీ కాదు" అని ఒకరు రాశారు. కొట్టాల్సిన పనేం లేదు. అది డబ్బా దాకా వచ్చే దారిని కట్టేస్తే చాలు.

*

ప్రశ్న: మామిడికొమ్మకి జనపనార తాడుతో ఫీడర్ కట్టాం. పొద్దున్నే నింపితే పదిగంటలకల్లా ఖాళీ. ఉడత బరువు పడగానే కన్నాలు మూసుకుపోయే ఫీడరొకటి ఉందంటే ఆన్‌లైన్లో తెప్పించాం. ఉడత దాని మీద దర్జాగా కూర్చుని తింటోంది, మూత కదలడమే లేదు. చెడిపోయిన సరుకు పంపారా?
— పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: సరుకు మంచిదే అయివుంటుంది, మన ఉడత కోసం చేసింది కాదంతే. అలాంటి డబ్బాలు అమెరికా, బ్రిటన్ పెరళ్ళలో తిరిగే బూడిదరంగు ఉడత కోసం పుట్టాయి. ఆ ఉడత 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. అది కూర్చోగానే లోపలి స్ప్రింగు సాగి, బయటి తొడుగు కిందికి జారి, కన్నాలు మూసుకుంటాయి. మన చారల ఉడత 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మూడు చారలదైనా అయిదు చారలదైనా అంతే. ఆ స్ప్రింగుకి ఇది లెక్కలోకే రాదు.

కొన్నిటిలో స్ప్రింగు బిగింపు మార్చే మర ఉంటుంది. మీదానికి ఉంటే వదులు చేసి చూడండి. అయితే ఇక్కడో చిక్కుంది. గోరింక, రామచిలుక కూడా ఇంచుమించు ఉడతంతే తూగుతాయి. గువ్వల్లో పెద్దది 150 గ్రాముల దాకా ఉంటుంది. ఉడతను ఆపేలా సర్దితే ఇవన్నీ ఆగిపోతాయి. లోపలికి రాగలిగేవి పిచ్చుక (25–30 గ్రాములు), మునియా అనే చిన్నపిట్ట (12–15 గ్రాములు) మాత్రమే. మీకు కావలసింది ఈ రెండే అయితే మంచిదే, సర్దుకోండి.

సర్దడం ఊహ మీద వద్దు. కిరాణా కొట్టులో రెండు పొట్లాలు తూకం వేయించండి: ఒకటి 60 గ్రాములు, ఇంకోటి 80. పక్షి వాలే పుల్లకి 60 పొట్లం కడితే కన్నం తెరిచే ఉండాలి, ఎందుకంటే రెండు పిచ్చుకలు ఒకేసారి వాలితే అంత బరువు. 80 పొట్లం కడితే పూర్తిగా మూసుకోవాలి. ఇంత చేసినా, తల్లిని వదిలి కొత్తగా తిరుగుతున్న ఉడతపిల్లలు బరువు చాలక తప్పించుకుంటాయి. ఆ నాలుగు వారాలు ఓర్చుకోవాలి.

బయట పంజరం చుట్టిన ఫీడర్లూ అమ్ముతున్నారు. వాటి చువ్వల మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉంటుంది. బూడిద ఉడత అందులో పట్టదు, మనది సులువుగా దూరిపోతుంది. ఖాళీని అంగుళానికి తగ్గిస్తే పిచ్చుకే ఇబ్బంది పడుతుంది. కొనకండి.

అసలు తప్పు ఆ తాడులో ఉంది. జనపనార తాడంటే ఉడతకి మెట్లు కట్టినట్టే. చెట్టుకొమ్మకి వేలాడదీసిన ఏ డబ్బానూ ఉడత నుంచి కాపాడలేం. చెట్టు కింద నుంచి తీసి ఆరుబయట స్తంభం మీద పెట్టండి. ఎలాగో కింది జవాబులో ఉంది.

*

ప్రశ్న: స్తంభం వేసి మధ్యలో అడ్డు పెడితే ఉడత ఎక్కలేదంటారు. ఏ సైజు పైపు, ఏ అడ్డు, ఎంత ఎత్తు? వెల్డింగ్ లేకుండా ఇంట్లోనే చేసుకునేలా చెప్పండి.
— రాయగడ

జవాబు: కావలసినవి: అంగుళం జీఐ పైపు 8 అడుగులు. 6 అంగుళాల (160 మిల్లీమీటర్ల) పీవీసీ డ్రైనేజీ పైపు 2 అడుగుల ముక్క. దానికి సరిపోయే ఎండ్ క్యాప్ ఒకటి. జీఐ పైపుకి బిగిసే హోస్ క్లిప్పులు రెండు. ఎం-సీల్ చిన్న ప్యాకెట్. సిమెంటు, ఇసుక, చిప్స్ ఒక్కో తట్ట.

ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి తీసి పైపు నిలబెట్టి కాంక్రీటు పొయ్యండి. పైన ఆరున్నర అడుగులు మిగులుతుంది. రెండు రోజులు తడిపాక పని మొదలు. ఎండ్ క్యాప్ నడిమధ్యన 35 మిల్లీమీటర్ల కన్నం కోసి, క్యాప్‌ని పీవీసీ ముక్కకి ఒక చివర బిగించండి. క్యాప్ ఉన్న చివర పైకి, తెరిచిన చివర కిందికి ఉండేలా ఈ గొట్టాన్ని స్తంభం మీదుగా తొడగాలి. నేల నుంచి 5 అడుగుల ఎత్తున రెండు హోస్ క్లిప్పులు ఒకదాని మీద ఒకటి బిగిస్తే వాటి మీద క్యాప్ ఆని నిలబడుతుంది. గొట్టం కింది అంచు 3 అడుగుల ఎత్తున వస్తుంది. చివరన ఫీడర్.

ఇది పనిచేసే తీరు ఇదీ. ఉడత సన్నపైపుని కౌగిలించుకుని సర్రున ఎక్కేస్తుంది, గొట్టం లోపలికి పోతుంది, పైన మూసి ఉండడంతో దిగొస్తుంది. బయటి వైపు నుంచి ఎక్కుదామంటే 6 అంగుళాల గొట్టం దాని కాళ్ళ పట్టుకి అందదు, నున్నగా ఉంటుంది కాబట్టి గోళ్ళూ దిగవు. కాసేపు కింద చక్కర్లు కొట్టి పోతుంది.

చెడేది ఎక్కడంటే, ముందుగా క్యాప్ కన్నం దగ్గర. కోసేటప్పుడు చెయ్యి జారి కన్నం పెద్దదైతే ఉడత ఆ సందులో తల పెట్టి చూస్తుంది. తల పట్టిందంటే ఒళ్ళూ పట్టినట్టే. ఆ సందుని ఎం-సీల్‌తో కూరండి. రెండోది గొట్టం గరుకెక్కడం. ఎండకి, దుమ్ముకి, అక్కడక్కడా పడ్డ గోళ్ళ గీతలకి ఏడాది తిరిగేసరికి పీవీసీ పట్టు దొరికేలా తయారవుతుంది. నెలకోసారి తడిగుడ్డతో తుడవండి. అప్పటికీ ఎక్కుతుంటే పలచని అల్యూమినియం రేకు చుట్టి పైన, కింద తీగతో బిగించండి.

మూడోది అన్నిటికంటే ఎక్కువ చూసేది: స్తంభం బాగానే ఉంటుంది, పక్కనే నీళ్ళ డ్రమ్ము ఉంటుంది. లేదా బట్టలు ఆరేసే తీగ, అరటిబోదె, మోటారు సైకిలు. ఉడత స్తంభం జోలికే రాదు, వాటి మీది నుంచి నేరుగా డబ్బా మీదికి దూకుతుంది. అమెరికాలో పెద్ద ఉడతకి చెప్పే కొలత ఒకటుంది: నేల నుంచి 5 అడుగులు, పక్కనున్న దేనికైనా 7 అడుగులు, పైనున్న కొమ్మకి 9 అడుగులు. మన చిన్న ఉడతకీ అదే పాటించండి, కాస్త ఎక్కువే అవుతుంది గాని నష్టం లేదు. వానాకాలంలో కొమ్మలు బాగా సాగుతాయి కాబట్టి భాద్రపదంలో ఒకసారి టేపు పట్టుకుని కొలవండి.

స్తంభానికి గ్రీజు, ఆముదం, వాడేసిన ఇంజనాయిలు రాయొచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. వద్దు. జిడ్డు అంటిన ఈకలు అతుక్కుపోయి పక్షికి వాన నుంచీ చలి నుంచీ కాపు ఉండదు. ఉడతేమో ఒళ్ళు నాకి శుభ్రం చేసుకునే జీవి, ఆ ఆయిలంతా కడుపులోకి పోతుంది. పైగా నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి జిడ్డు కాస్తా గరుకై, ఎక్కడానికి ఇంకా సులువవుతుంది.

*

ప్రశ్న: మాది ఇరుకు వాకిలి, నాపరాళ్ళు పరిచేశాం, గొయ్యి తీసే వీల్లేదు. రెండు గోడల మధ్య 16 అడుగులుంది. తీగ కట్టి వేలాడదీయొచ్చా?
— గునుపూర్

జవాబు: నిక్షేపంగా. అయితే తీగ మీద ఉడత మనం రోడ్డు మీద నడిచినట్టు నడుస్తుంది. దాని కాలి కింద తీగ కాకుండా తిరిగే వస్తువేదో ఉండాలి. లీటరు నీళ్ళ సీసాలు ఆరు తీసుకోండి, డబ్బాకి అటు మూడు, ఇటు మూడు. ఒక్కోదానికి మూత నడిమధ్యన ఒకటి, అడుగు నడిమధ్యన ఒకటి కాల్చిన మేకుతో కన్నాలు పెట్టి, 14 గేజి జీఐ తీగకి గుచ్చండి. సీసాలు ఒకదానికొకటి తగిలేలా ఉండాలి, సందు ఉంటే ఉడత అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ దూకుతుంది. సీసా మీద కాలు పెట్టగానే అది గిర్రున తిరుగుతుంది, ఉడత కింద పడుతుంది. దానికేం కాదు, చెట్ల మీది నుంచి పడి లేచే ప్రాణం.

తీగ వేలాడకూడదు. ఒక చివర టర్న్‌బకిల్ వేస్తే ఎప్పటికప్పుడు బిగించుకోవచ్చు. సీసా కన్నం నడిమధ్యన లేకపోతే బరువు ఒక వైపుకే ఉండి తిరగదు, అది ముందే చేత్తో తిప్పి చూసుకోండి. ఎండకి సీసాలు పెళుసవుతాయి, ఏడాదికోసారి మార్చాలి. ఫీడర్‌ని తీగకి కట్టడానికి నైలాన్ దారం వాడకండి. ఉడత కొరికేస్తుంది, పక్షి కాలికి చుట్టుకుంటుంది. సైకిల్ బ్రేకు తీగ ముక్క చాలు.

*

ప్రశ్న: మా ఊళ్ళో మిర్చికి కొదవ లేదు. గింజల్లో కారం కలిపితే ఉడుత ముట్టదు, పక్షికేం కాదు అంటున్నరు. నిజమేనా? నిజమైతే పాలెంత?
— ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: నిజమే. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. మనకీ ఎలుకకీ ఉడతకీ నోటి నరాల్లో దాన్ని పట్టుకునే గ్రాహకం ఉంటుంది. పక్షికీ అదే రకం గ్రాహకం ఉంది గాని, దాని నిర్మాణం వేరు, క్యాప్సైసిన్ దాన్ని తట్టదు. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షికి ఎందుకు మండదో కోడి గ్రాహకం మీద చూపించింది కూడా 2002లో ఆయన బృందమే. చిలుక మిరపపండుని కరకరా నమలడం మీ మార్కెట్ యార్డు దగ్గర మీరు చూసే ఉంటారు.

నిజమైనంత మాత్రాన పొడి కలపమని మేం చెప్పం. పొడి గింజకి అంటుకోదు, డబ్బా అడుక్కి దిగిపోతుంది. గాలి వీస్తే నింపేవాళ్ళ కళ్ళలో, ఆడుకునే పిల్లల కళ్ళలో పడుతుంది. ఉడత కళ్ళలో పడినా దానికి తుడుచుకునే దారి లేదు. చెయ్యాలనుకుంటే నూనెలో చెయ్యండి. పావు లీటరు పల్లీనూనె వేడి చేసి దించి, బాగా ఘాటున్న మిరపపొడి 50 గ్రాములు వేసి రాత్రంతా ఉంచి, పలచటి గుడ్డలో వడకట్టండి. కిలో గింజలకి ఆ నూనె రెండు టేబుల్ స్పూన్లు, అంతకు మించొద్దు. చేతులకి తొడుగులు వేసుకుని కలిపి, కాగితం మీద నీడలో ఆరబెట్టి వాడండి. నూనె ఎక్కువైతే గింజలు ముద్దకట్టి కన్నాల్లో ఇరుక్కుంటాయి, వారంలో కంపుకొడతాయి. అందుకే వారానికి సరిపడేదే కలపాలి. వానకి తడిస్తే కారం పలచబడుతుంది.

మా మాటగా చెప్పాలంటే, స్తంభం వేసుకునే వీలున్నవాళ్ళకి ఈ తంటా అక్కర్లేదు.

*

ప్రశ్న: ఏ గింజలు పెడితే ఉడతలు తక్కువ వస్తాయి? మేం బియ్యం నూకలు, వేరుశెనగలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి పెడుతున్నాం.
— బరంపురం

జవాబు: మీరు పెట్టేది ఉడతకి పెళ్ళిభోజనం. వేరుశెనగ, పొద్దుతిరుగుడు, కొబ్బరిముక్క: ఈ మూడింటి కోసం అది ఎంత దూరం నుంచైనా వస్తుంది. ముందు ఆ మూడూ మానేయండి. ఇది ఖర్చు లేని మందు, చాలా పెరళ్ళలో సగం సమస్య దీనితోనే తీరుతుంది.

మీ చుట్టుపక్కల పండేవాటిలో ఉడత పెద్దగా మోజుపడనివి ఉన్నాయి. వాటిలో మొదటిది వలిసెలు. అరకు కొండల్లో పసుపు పూలతో మెరిసేది ఇదే, కొరాపుట్, రాయగడ సంతల్లో అలసి పేరుతో నూనెకోసం అమ్ముతారు. అమెరికాలో పక్షుల దాణాగా ఖరీదు పెట్టి కొనే నల్లటి సన్నగింజ కూడా ఇదే, మన దేశం నుంచి ఎగుమతవుతుంది. ఉడతకి ఆ సన్నగింజ మీద పని ఎక్కువ, ఫలం తక్కువ. వేరేది దొరికితే దీన్ని వదిలేస్తుంది. మునియాలు మాత్రం బారులు తీరతాయి. పిచ్చుకలు అంతగా రావు, అది ముందే తెలుసుకుని పెట్టండి.

వలిసెలకి మామూలు ఫీడర్ పనికిరాదు, కన్నంలోంచి ఇసుకలా కారిపోతాయి. పాత పౌడరు డబ్బానో, మూతున్న సన్నటి టిన్నునో తీసుకుని, సన్న ఉలితో 2 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల పొడవున నిలువు చీలికలు చెయ్యండి. రేకు లోపలి నుంచి బయటికి తిరిగితే అంచు పక్షి ముక్కుకి గీరుకుంటుంది. కాబట్టి ఉలి బయటి నుంచి లోపలికి దిగాలి. ఆ చీలిక కింద అంగుళం దూరంలో వాలడానికి పుల్ల. మూడు నాలుగు నెలలు దాటిన వలిసెలు ఎండిపోయి పక్షులు ముట్టడం మానేస్తాయి. గోళ్ళ మధ్య నలిపితే వేలికి నూనె తగలాలి, తగలకపోతే పారేయండి.

పిచ్చుకల కోసమైతే పొట్టుతో ఉన్న సామలు, కొర్రలు, చోళ్ళు. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక ఇవి సంతల్లో బాగానే దొరుకుతున్నాయి. పాలిష్ పట్టినవి కాకుండా విత్తనానికి వాడేలాంటివి అడగండి. అయితే విత్తనశుద్ధి మందు పట్టించిన ఎర్రటి, పచ్చటి గింజలు పొరపాటున కూడా పెట్టకూడదు, అది విషం. ఉడత ఈ చిరుధాన్యాలు అస్సలు తినదని కాదు. ఆకలేస్తే తింటుంది, కాని దండుగా రాదు.

అన్నట్టు, మార్గశిర గురువారాల మాణబసా లక్ష్మీపూజకి కొత్త వడ్లు ఇంటికి వస్తాయి గదా. అప్పుడే కంకులు ఓ రెండు పిడికెళ్ళు వేరుచేసి కుచ్చు కట్టి వసారా చూరుకి, గోడకి అడుగున్నర దూరంగా సన్నటి ఇనపతీగతో వేలాడదీయండి. పిచ్చుకలకి దాన్ని మించిన ఫీడర్ లేదు. ఉడత చూరు దాకా వస్తుంది గాని తీగ వెంట కిందికి దిగి ఊగే కుచ్చు మీద కూర్చుని వడ్లు వొలవడం దానికి గిట్టదు.

*

ప్రశ్న: మేం పొద్దున చూసేసరికి ఫీడర్ కన్నాలు కొరికి పెద్దవైతున్నయి, గింజలు కిందంత పారపోసి ఉంటున్నయి. ఉడుతలు రాత్రి పూట కూడ వస్తయా?
— సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: రావు. మన చారల ఉడుత పగటి జీవి, పొద్దుగూకితే గూటికి చేరుతుంది. రాత్రి కొరికేది ఎలుక. నింద మాత్రం ఉడుతకి. రూఢి చేసుకోవాలంటే సాయంత్రం ఫీడర్ కింద చదునుగా బూడిద చల్లండి, పొద్దున అడుగుల పక్కన తోక గీత కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

ఎలుక వస్తే దాని వెనక పాము వస్తుంది. మీ వైపు ప్రాణహిత ఒడ్డున ఇళ్ళలో ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. సూర్యాస్తమయానికి డబ్బా దించి ఇంట్లో పెట్టండి, కింద రాలిన గింజలు ఊడ్చేయండి. పగటికి సరిపోయేంతే పొయ్యడం అలవాటు చేసుకుంటే రాలేది తక్కువ. కన్నాలు మళ్ళీ కొరక్కుండా ఒక్కో కన్నం చుట్టూ అరంగుళం బోల్టు వాషరు పెట్టి బిగించండి. ప్లాస్టిక్ అంచు పంటికి దొరక్కపోతే ఎలుకైనా ఉడుతైనా వదిలేస్తుంది.

ఎలుకల మందు మాత్రం ఫీడరున్న పెరట్లో పెట్టొద్దు. జింక్ ఫాస్ఫైడ్ పట్టించిన గింజ పక్షి తిన్నా చస్తుంది. బ్రోమడయోలోన్ తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబకీ ప్రమాదమే. జిగురు అట్టల సంగతి కూడా అంతే. అతుక్కునేది ఎలుకా, పిచ్చుకా అని అట్టకి తెలియదు.

*

ప్రశ్న: చీమలు ఎక్కకుండా స్తంభానికి నీళ్ళ గిన్నె కట్టుకోవచ్చా?
— మల్కన్‌గిరి

జవాబు: కట్టొచ్చు గాని మీ జిల్లాలో జాగ్రత్త. నిలవ నీళ్ళలో దోమగుడ్డు పిల్లయి పెద్దదోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. మూడు రోజులకోసారి ఒంపేసి, గిన్నె లోపలి గోడ రుద్ది కడిగి, కొత్తనీళ్ళు పొయ్యండి. అది గుర్తుంచుకోలేం అనుకుంటే గిన్నె వద్దు. పొడి గింజలకి చీమల బెడద ఎలాగూ తక్కువే.

*

ప్రశ్న: మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. ఉడతలూ ఎలుకలూ పిందెలు రాల్చేస్తున్నాయి, ఫీడర్ మీదికీ అక్కడి నుంచే వస్తున్నాయి. చెట్టుకి రేకు కొడితే ఆగుతాయంటారు. చెట్టుకి హాని లేదా?
— ఛత్రపురం, గంజాం జిల్లా

జవాబు: ఉద్దానం తోటల వాళ్ళకి ఎలుకల కోసం చెప్పే పద్ధతే ఇది. 40 సెంటీమీటర్ల వెడల్పు జీఐ రేకు, నేల నుంచి 2 మీటర్ల ఎత్తున మాను చుట్టూ బిగుతుగా తిప్పి రెండు మేకులు కొట్టాలి. కొబ్బరిమాను లావెక్కేది కాదు కాబట్టి రేకు దాన్ని నొక్కదు. మామిడికీ పనసకీ ఇలా మేకులు కొట్టి బిగించొద్దు. వాటి మాను ఏటేటా లావవుతుంది, రేకు కోసుకుపోతుంది. వాటికి రేకు రెండు చివరలూ ఒకదాని మీద ఒకటి జారేలా ఉంచి స్ప్రింగుతో కలపాలి.

రేకు కొట్టేముందు పైకి చూడండి. పక్క చెట్టు మట్ట, మేడ అంచు, కరెంటు తీగ తగులుతుంటే కింద రేకు కొట్టీ లాభం లేదు. ఇంకొకటి, చెట్టు మీద గూడు పెట్టుకున్న ఉడత పైన ఉండగా రేకు కొడితే అది పైనే చిక్కుబడి మరిన్ని పిందెలు కొరుకుతుంది. మట్టలు కోయించి మొవ్వు శుభ్రం చేయించిన రోజే ఈ పని పెట్టుకోండి.

అక్టోబరులో తుపాను హెచ్చరిక వస్తే ఫీడర్నీ దాని గొట్టాన్నీ దించేయండి. 2013లో ఫైలిన్ మీ తీరం మీదే దాటింది గదా, 2018లో తిత్లీ ఆ పక్కనే. ఎగిరే రేకు ముక్క ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

*

ప్రశ్న: ఫీడర్ దగ్గరికి కోతులు వస్తున్నాయి. ఏం చెయ్యాలి?
— జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: ఫీడర్ తీసేయండి. కోతికి ఆగే స్తంభం లేదు. వారం పది రోజులు ఏమీ దొరక్కపోతే దారి మారుస్తాయి. ఆ తర్వాత పెట్టినా పొద్దున ఒక గంట సేపే, మీరు దగ్గరుండి.

*

ప్రశ్న: పిచ్చుకల గూటిపెట్టెలో ఉడుత దూరి పీచు కుక్కింది. లోపల పిల్లలున్నట్టు చప్పుడు. పిల్లల్ని తీసి చెట్టు మీద పెట్టొచ్చా? మళ్ళా దూరకుండ ఏం చెయ్యాలె?
— కిన్వట్

జవాబు: ఇప్పుడు ముట్టుకోకండి. కళ్ళు తెరవని పిల్లల్ని చెట్టు మీద పెడితే కాకి పాలవుతాయి. తల్లి వాటిని నోట కరుచుకుని ఇంకో గూటికి మార్చగలదు గాని అది దాని ఇష్టం, మన తొందర కాదు. పాలు మాని సొంతంగా తినడానికి పది వారాల దాకా పడుతుంది. అందాకా పెట్టె వాటిదే. పిచ్చుకలకి ఇంకో పెట్టె కట్టండి.

ఆ పెట్టె ఖాళీ అయ్యాక, వరసగా నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం చూసి రాకపోకలు లేవని తేలాక, దించి పీచంతా తీసేయండి. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఫీడర్లు కూడా పదిహేను రోజులకోసారి ఇలాగే కడగాలి. వానాకాలంలో అడుగున తడిసి బూజు పట్టిన గింజలు, ముఖ్యంగా వేరుశెనగ, పక్షి ప్రాణం తీస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు మూడు మార్పులు. కన్నం 32 మిల్లీమీటర్లకి మించి ఉంటే తగ్గించండి. కన్నం చుట్టూ అదే కొలత రంధ్రమున్న రేకు ముక్క నాలుగు మరలతో కొట్టండి. ఉడుత కన్నాన్ని పంటితో గీకి పెద్దది చేసుకునే దూరుతుంది, రేకుంటే ఆ ఆట సాగదు. అయినా సన్నటి ఉడుత 32లోంచి కూడా దూరగలదు కనక అసలు కాపు పెట్టె ఉన్న చోటే. నున్నటి సిమెంటు గోడ మీద 10 అడుగుల ఎత్తున, నీళ్ళ పైపుకీ కేబులుకీ కిటికీ సన్‌షేడుకీ 6 అడుగులు ఎడంగా. పిచ్చుకకి వాలే పుల్ల అవసరం లేదు, కన్నం కింద ఉన్న పుల్ల పీకేయండి, అది ఉడుతకీ కాకికీ పనికొచ్చేదే. ఇటుక గోడకి పూత లేకపోతే పెట్టె చుట్టూ రెండడుగుల మేర నున్నగా పూత వేయించి, ఆరాకే పెట్టె బిగించండి.